డాక్టరు అలిసిపోతే తిట్లు మనకేనా?

మా వాడలో ఒక కూలీకి క్షయ వచ్చింది. రాళ్ళ క్వారీలో పనిచేసే మనిషి. దగ్గీ దగ్గీ సగమైపోతే ఆశ వర్కరు బతిమాలి సర్కారు దవాఖానకు తోలుకపోయింది. కళ్ళె పరీక్ష చేశారు. టీబీ అన్నారు. ఆరు నెలలు రోజూ మింగాలని గోలీలు ఉచితంగా చేతిలో పెట్టారు. అంతవరకు బాగానే ఉంది.

మర్నాడు ఆయనకు మూత్రం ఎర్రగా వచ్చింది. బెదిరిపోయాడు. లోపల నెత్తురు పోతోంది, ఈ గోలీలే నన్ను తినేస్తున్నాయి అనుకున్నాడు. పెళ్ళానికి కూడా చెప్పలేదు. గోలీలు ఇంటి చూరులో దోపి పనికి పోయాడు. ఆశ వర్కరు అడిగితే మింగుతున్నానని అబద్ధమాడాడు. మూడు నెలలకు మళ్ళీ మంచం పట్టాడు. ఈసారి దగ్గితే నెత్తురు పడింది.

టీబీకి ఇచ్చే మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంది. అది మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. అది నెత్తురు కాదు, మందు రంగు. డాక్టర్లకిది మొదట్లోనే చెప్పే పాఠం. 'మూత్రం ఎర్రగొస్తది, భయపడకు, మందు ఆపకు.' ఇంతే మాట. ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. మధ్యలో మానేస్తే జబ్బు ముదురుతుంది, మామూలు మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. ఒక్క మాట చెప్పనందుకు ఒక మనిషి చావు దాకా పోయి వచ్చాడు.

రెండోసారి తీసుకపోయినప్పుడు వార్డులో డాక్టరు అందరి ముందు కసిరింది. "మీ వాళ్ళకు ఎంత చెప్పినా గంతే. తాగి పడుంటరు, మందులు మింగరు." ఆ మనిషి కల్లు కూడా ముట్టడు. తల వంచుకుని నిలబడ్డాడు.

మాకు కడుపు మండింది. ఆ రాత్రి నలుగురం కలిసి అడగడానికి పోయాం. అక్కడ తెలిసిన సంగతి మమ్మల్ని కాసేపు మాట్లాడనివ్వలేదు. కసిరిన డాక్టరు దొరల బిడ్డ కాదు. మా పక్క మండలం మాదిగవాడ బిడ్డ. వాళ్ళ నాయిన చెప్పులు కుట్టి చదివించాడు.

"అన్నా, నిన్న పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కిన, ఇంకా దిగలే. మూత్రం సంగతి చెప్పకపోవుడు మా తప్పే. మీ వాళ్ళు అన్న మాట నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వదు. పొద్దున రౌండ్స్‌ల పెద్ద సారు నన్ను అందరి ముందట 'కోటాల వచ్చినవ్ గద, నీకేం తెలుస్తది' అన్నడు. గదే మాట నేను ఆయన మీదికి దింపినట్టుంది" అని ఏడ్చింది.

ఆ పిల్ల చెప్పినదాని మీద మేం చాలా రోజులు వాదులాడుకున్నాం. కొందరు మిత్రులు, అలసట గిలసట అంతా సాకు, ఇది కులం అన్నారు. కొందరు, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, పని భారం అన్నారు. మేం చెప్పదలుచుకున్నది ఏమంటే రెండూ నిజమే. డాక్టరు అలసట నిజం. ఆ అలసట ఎవరి మీద దిగాలో మాత్రం కులమే చూపిస్తోంది. ఒకటి పట్టుకుని ఇంకొకటి వదిలేస్తే మన జబ్బు నయం కాదు.

అలసట అబద్ధం కాదు

ముందు అలసట సంగతి చూద్దాం. దవాఖానల్లో పనిచేసే జూనియర్ డాక్టర్లకు ఎడతెగకుండా 12 గంటలకు మించి, వారానికి 48 గంటలకు మించి మామూలుగా డ్యూటీ వేయకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే చెప్పింది. కాగితం మీద రాసి ముప్పై ఏళ్ళు దాటింది. వార్డుల్లో మాత్రం రాత్రీ పగలూ కలిపి ఒకే డ్యూటీ. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్సు, వైద్య విద్యార్థుల మనసు ఆరోగ్యం గురించి చూసి, వారానికి 74 గంటలు మించొద్దు, ఒక రోజు సెలవు ఇవ్వండి అని సిఫార్సు చేసింది. అంటే ఏమిటి? 48 అని రాసినచోట 74కు తగ్గించండి అని అడుక్కునే స్థితి వచ్చిందన్నమాట. అదే ఏడాది ఆగస్టు 9న కలకత్తాలో ఆర్జీ కర్ దవాఖానలో అత్యాచారానికీ హత్యకూ గురైన ఆడపిల్ల 36 గంటల డ్యూటీలో ఉంది. నడుం వాల్చడానికి ఆమె పోయింది సెమినార్ హాలుకు.

రోగి సంగతి చూస్తే అదీ అంతే. 67 దేశాల లెక్కలు కూడగట్టి 2017లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక అచ్చు వేసింది. మామూలు జబ్బుతో డాక్టరు దగ్గరికి పోతే మన దేశంలో దొరికే సమయం సుమారు 2 నిమిషాలు. స్వీడన్‌లో 22 నిమిషాల పైన. రెండు నిమిషాల్లో పేరు అడగాలి, నాడి చూడాలి, చీటీ రాయాలి. ఇక మాట ఎప్పుడు?

ఇట్లా నెలలూ ఏళ్ళూ పనిచేస్తే మనిషి లోపల ఆరిపోతాడు. నూనె అయిపోయినా వెలుగుతూనే ఉండాలంటే దీపం ఏమవుతుంది? ఒత్తి కాలుతుంది. దాన్నే ఇంగ్లీషు చదువులవాళ్ళు బర్నౌట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, ఒంట్లో సత్తువ ఇంకిపోవడం. రెండు, చేసే పనికి మనసు దూరమై దాని మీద విసుగూ చులకనా పుట్టడం. మూడు, నా చేత ఏమీ కాదనిపించడం. ఇది ఆ మనిషి బలహీనత అని ఆ సంస్థ అనలేదు. పనిచోట ఒత్తిడిని సరిగా చూసుకోనందువల్ల వచ్చేదని చెప్పింది. అంటే తప్పు డ్యూటీ చార్టు వేసినవాళ్ళది, ఖాళీ పోస్టులు నింపనివాళ్ళది.

ఆ రెండో గుర్తును కాస్త నిలిచి చూడండి. మనసు దూరం కావడం. డాక్టరుకు పని అంటే ఎవరు? రోగే. అందుకే రోగి మనిషిలా కాకుండా బెడ్ నంబరులా కనబడతాడు. ఈ దూరమే మన మీద పడుతోంది.

అలసట ఒకటే, మాటలు రెండు

ఇప్పుడు రెండో సంగతి. అలసటే అన్నిటికీ కారణమైతే, అలిసిన డాక్టరు అందరి మీదా ఒకే తీరుగా అరవాలి గదా? అట్లా జరుగుతోందా? మీరే చూసి ఉంటారు. అదే డాక్టరు, అదే కుర్చీ, అదే మధ్యాహ్నం. సర్పంచి కొడుకు వస్తే "కూర్చోండి, ఏమైంది?" మన ముసలవ్వ వస్తే "ఏయ్, దూరం నిలబడు. ఏం రోగం నీకు?" గంట తేడా లేదు, అలసటలో తేడా లేదు. ఒకరికి మీరు, ఒకరికి నువ్వు. ఎవరిని కసిరితే ఏమీ కాదో ఆ నోటికి బాగా తెలుసు. చెప్పులు చూసి తెలుసుకుంటుంది, చీరె చూసి తెలుసుకుంటుంది, 'ఏ ఊరు, ఎవరి తాలూకు?' అని అడిగి తెలుసుకుంటుంది.

అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక సంఘటన చెబుతాడు. 1929లో గాంధీ పత్రిక యంగ్ ఇండియాలో ఉత్తరంగా అచ్చయిన సంగతి అది. కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు భార్య బాలింత. జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనిషి ఫీజుకు పూచీ పడితే వచ్చి దూరాన నిలబడ్డాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకు పెట్టాడు. అదే దారిన అది వెనక్కి వచ్చింది. దీపం వెలుగులో చూసి నిమోనియా అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆమె చనిపోయింది.

ఆ డాక్టరు అలిసిపోయి లేడు. ఆయనకు 36 గంటల డ్యూటీ లేదు. ఓపీలో వందల మంది లేరు. అయినా థర్మామీటరు మూడు చేతులు మారింది. అందుకే అంటున్నాం, డ్యూటీ గంటలు తగ్గించినంత మాత్రాన మనకు మాట దొరకదు. అలసట దూరాన్ని పుట్టిస్తోంది. కులం ఆ దూరానికి ఎప్పుడో గీత గీసి పెట్టింది. ఇవాళ ఆ రెండూ ఒకే బల్ల దగ్గర కలుస్తున్నాయి.

ఆ బల్లకు అవతలి వైపు కూడా మనవాళ్ళున్నారు. 2019 మే 22న ముంబైలో పాయల్ తడ్వి అనే ఆదివాసీ పీజీ డాక్టరు ఉరివేసుకుని చనిపోయింది. సీనియర్లు కులం పేరుతో వేధించారని కుటుంబం చెప్పింది, కేసు నడిచింది. ఒత్తిడి అందరికీ ఉంటుంది. మన పిల్లలకు ఒత్తిడితోపాటు 'కోటా' అనే తిట్టు కూడా ఉంటుంది. పెద్ద డాక్టరు పీజీని అంటాడు. పీజీ హౌస్ సర్జన్‌ను అంటాడు. హౌస్ సర్జన్ సిస్టరును, సిస్టరు ఆయాను, ఆయా రోగిని అంటుంది. మిద్దె మీద పోసిన నీళ్ళు మెట్టు మెట్టూ దిగి ఎక్కడ నిలుస్తాయి? అన్నిటికన్నా కింది మెట్టు మీద. ఆ మెట్టు మీద నిలబడింది మనం. ఆ రాత్రి మన బిడ్డే మన మనిషిని 'మీ వాళ్ళు' అనడం వెనుక ఉన్నది ఈ మెట్లే. మెట్లు అట్లాగే ఉంచి మనిషిని మారిస్తే చాలదని మాకు ఆ రాత్రి అర్థమైంది.

మాట కూడా మందే

'మాట మంచిగుండాలంటే టైమెక్కడిది?' అని డాక్టర్లు అంటారు. మేం గంటసేపు కబుర్లు చెప్పమనడం లేదు. నాలుగు మాటలు అడుగుతున్నాం. జబ్బు ఏమిటి? మందు ఎట్లా, ఎన్నాళ్ళు? ఏం జరిగితే బెదరొద్దు, ఏం జరిగితే పరుగెత్తుకు రావాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి? ఈ నాలుగూ మన భాషలో చెప్పి, 'ఏదీ, నేనేం చెప్పానో మీరు చెప్పండి' అని ఒకసారి తిరిగి చెప్పించుకోవాలి. తలూపితే అర్థమైనట్టు కాదు. మనవాళ్ళు భయానికి కూడా తలూపుతారు. తిరిగి చెప్పించుకుంటేనే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఇది మేం కనిపెట్టింది కాదు, వైద్యశాస్త్రం ఒప్పుకున్న పద్ధతే.

దీనికి పట్టేది ఒక నిమిషం. పట్టనందుకు ఏమైందో క్వారీ కూలీ సంగతి చూశాం. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ బెడ్, మళ్ళీ మందులు, ఇంట్లో పిల్లలకు అంటిందేమోనని వాళ్ళకూ పరీక్షలు. మిగుల్చుకున్న నిమిషానికి ఎన్ని రోజులు పోయాయి? మాట చెప్పకపోతే పని తగ్గదు, పెరుగుతుంది.

కోత పెట్టే ముందు ఇంకా ఎక్కువ చెప్పాలి. కడుపునొప్పి అని పోయిన మన ఆడవాళ్ళకు గర్భసంచి తీసేస్తే, తీసింది ఎందుకో ఇంటికొచ్చాక కూడా తెలియని వాళ్ళు ఎందరో ఉన్నారు. 2008లో సుప్రీంకోర్టు ముందు ఒక కేసు వచ్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఆమెకు, బయట తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి తీసేశారు. ఆ ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో, చేస్తే ఏమవుతుందో, చేయకపోతే ఏమవుతుందో రోగికి చెప్పాకే ఒప్పుకోలు. మన దగ్గర మాత్రం ఇంగ్లీషు కాగితం ముందు పెట్టి 'ఇక్కడ వేలు పెట్టు' అంటున్నారు.

2019 నుంచి ఎంబీబీఎస్ చదువులో నడవడి, నీతి, మాటతీరు మీద పాఠాలు పెట్టారు. మంచిదే. కానీ క్లాసులో మర్యాద పాఠం, వార్డులో పెద్ద సారు తిట్టు. పిల్లలు దేన్ని నేర్చుకుంటారు? పాఠం మొదట చెప్పాల్సింది పెద్ద సార్లకు.

ఆరెంపీ దగ్గరికి ఎందుకు పోతున్నాం?

మనవాళ్ళు సర్కారు దవాఖాన వదిలి ఆరెంపీ దగ్గరికి పోతారని డాక్టర్లు ఎగతాళి చేస్తారు. ఎందుకు పోతారో ఎవరైనా అడిగారా? ఆయన ఇంటికి వస్తాడు. మంచం మీద కూర్చుంటాడు. 'ఏమైందవ్వా?' అంటాడు. డబ్బులు రేపియ్యి అంటాడు. అవసరం లేని సూది వేస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు, అప్పు చేయిస్తాడు. అయినా పోతాం. చదువుకున్న డాక్టరు దగ్గర మందు ఉంది, మాట లేదు. ఆరెంపీ దగ్గర మాట ఉంది, సరైన మందు లేదు. ఈ రెంటి మధ్య మన ప్రాణాలు పోతున్నాయి. ఆ రెండూ ఒకేచోట దొరకాలని అడగడం గొంతెమ్మ కోరికా?

చెయ్యి లేపొద్దు

మాట లేనిచోట కొట్లాట పుడుతుంది. లోపల మనిషి పోయి గంటైనా బయట ఎవరూ చెప్పరు. వరండాలో ఎవడో ఒక మాట విసిరి పోతాడు. అప్పుడు అద్దాలు పగులుతాయి. దెబ్బలు తినేది ఎవరు? పెద్ద సారు కాదు, రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు, సిస్టరు. చాలాసార్లు వాళ్ళు మన పిల్లలే. డాక్టర్ల మీద దాడి చేస్తే జైలు అని 2008లోనే చట్టం వచ్చింది. కేసయ్యేదీ మన కుర్రవాళ్ళ మీదే. చెయ్యి లేపడం మన ఉద్యమం దారి కాదు.

దాడి చేస్తే శిక్ష అని దవాఖాన గోడ మీద బోర్డు ఉంటుంది. ఉండనీయండి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. అందులో మొదటిది, తన జబ్బు గురించి తెలుసుకునే హక్కు. ఆ బోర్డు ఏది? ఒక గోడ మీద ఒకరి రక్షణే రాసి రెండోవాళ్ళ హక్కు రాయకపోతే అది ఎవరి గోడ?

మేం అడిగేది

ఒకటి. ఖాళీగా ఉన్న డాక్టరు, నర్సు పోస్టులు నింపాలి. 1992 నాటి గంటల నియమం వార్డులో అమలు కావాలి. రాత్రి డ్యూటీ వాళ్ళకు తలుపు గడియ పడే గది ఉండాలి. ఇందుకోసం జూనియర్ డాక్టర్లు సమ్మె చేస్తే మనం వాళ్ళ పక్కన కూర్చుందాం. వాళ్ళు కూడా తమ కోర్కెల జాబితాలో రోగికి చెప్పాల్సిన నాలుగు మాటలు చేర్చాలి.

రెండు. ప్రతి రోగికీ మీరు అనే పిలుపు, కూర్చోవడానికి ఒక స్టూలు, తెలుగులో రాసిన మందుల చీటీ.

మూడు. చావు కబురు వరండాలో విసరొద్దు. ఇంటివాళ్ళను లోపల కూర్చోబెట్టి డాక్టరే చెప్పాలి.

నాలుగు. దవాఖాన అభివృద్ధి కమిటీలో వాడల నుంచి మనిషి ఉండాలి. అవమానం జరిగితే ఫిర్యాదు తీసుకుని రసీదు ఇవ్వాలి. కోటా అని తిట్టే పెద్ద సార్ల మీద పిల్లలు భయం లేకుండా ఫిర్యాదు చేసే వీలుండాలి.

మనం చేయాల్సింది

సంఘం కార్యకర్తలు ప్రతి వాడలో చదువొచ్చిన ఇద్దరిని తయారుచేయాలి. రోగి వెంట ఒకరు పోవాలి. నాలుగు ప్రశ్నలూ నెమ్మదిగా, గట్టిగా అడగాలి. జవాబు కాగితం మీద రాసుకోవాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నియమాల్లోనే ఉంది, అడిగి తీసుకోవాలి. కులం పేరుతో తిడితే తేదీ, వేళ, విన్నవాళ్ళ పేర్లు రాసి పెట్టుకోవాలి. దవాఖానలోకి రానివ్వకపోవడం, నలుగురిలో కులం పేరుతో తిట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తాయి. ప్రతి కసురు మీదా ఆ కేసు పెట్టమని మేం చెప్పం. అలసటతో తూలిన మాటకూ కులంతో అన్న మాటకూ తేడా ఉంది. ఆ తేడా మన ఒంటికి తెలుస్తుంది.

డాక్టర్లైన మన పిల్లలకు ఒక మాట. మీరు అలిసిపోయారని మాకు తెలుసు. తెల్లకోటు వేసుకున్నా మిమ్మల్ని కోటా అంటున్నారనీ తెలుసు. అన్నవాడికి ఎదురు చెప్పడానికి మా దగ్గరికి రండి, మీ వెంట వాడ వాడంతా వస్తుంది. కానీ ఆ తిట్టును తెచ్చి మీ అవ్వ మీద దించకండి.

క్వారీ కూలీ మళ్ళీ మందులు మింగుతున్నాడు. ఆ పిల్ల మరుసటి వారం ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి మందులిచ్చే కిటికీ దగ్గర కట్టింది: 'టీబీ గోలీలు మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. నెత్తురు కాదు. మందు ఆపవద్దు.' చదువు రానివాళ్ళకు మా ఆశ వర్కరు నోటితో చెబుతోంది. డబ్బు ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు. ఈ పక్షంలో మీ మండలం దవాఖానకు పోయి చూడండి. ఆ కిటికీ దగ్గర ఏం రాసి ఉంది? ఏమీ లేకపోతే మీరే ఒక అట్టముక్క పట్టుకుపోయి, డాక్టరు చేత రాయించి కట్టించండి. అక్కడినుంచి మొదలుపెడదాం.